మూడు చుక్కల వరస

కళ్ళజోడు ఇమ్మని నర్సు చెయ్యి చాపగానే ఆమె మారుమాట లేకుండా తీసి ఇచ్చేసింది. "ఇక్కడుంటే ఎవరో ఒకరు దేనికిందో పెట్టేస్తారమ్మా, బయట మీ నాన్నగారున్నారుగా, ఆయన చేతిలో పెట్టొస్తా" అంటూ ఆ నర్సు, ఇప్పుడొక లేతనీలం మరక మాత్రమే, గది దాటి వెళ్ళింది. వద్దని పిలిచే లోపలే తలుపు మూసుకొన్న చప్పుడు వినిపించింది. కాసేపట్లో తన కనుగుడ్డు మీది పొర లేపి లోపల కిరణంతో చెక్కబోతున్నారన్న సంగతికి ఉదయం నుంచీ పుట్టని దడ, కళ్ళజోడు తండ్రి చేతికి వెళ్ళిందనగానే పుట్టుకొచ్చింది. ఏడాదిగా ఆ చేతికి అందకుండా కాపాడుకొన్న వస్తువది. "ఇటివ్వు, తుడిచిపెడతాను" అని ఆయన అన్నప్పుడల్లా "ఇప్పుడే తుడిచానండీ" అని తప్పించుకొన్నది. మొహం కడుక్కొనేటప్పుడు గడియ పెట్టుకొన్నది. ఇంత చేసి, చిట్టచివరికి, తన చేత్తో తనే పంపించింది. చేతిలో కళ్ళజోడు ఉండి, చేయవలసిన పని మరొకటి లేక ఆయన కూర్చోవడమంటే ఏమిటో ఆమెకు తెలియనిది కాదు. కళ్ళజోళ్ళ దుకాణంలో జీవితమంతా గడిపిన మనిషి. ఎవరి జోడు చేతికి వచ్చినా ముందు దాన్ని కిటికీ ఊచకో తలుపు నిలువుకమ్మీకో ఎదురుగా పట్టుకొంటారు, ఒక కన్ను మూస్తారు, చూస్తారు. కోణం చూసి బిగించవలసిన, ఆమె అద్దాలవంటి అద్దాలు సరిగా కూర్చుంటే, లోపల కనిపించే ఊచ బయటి ఊచతో కలిసి ఒకే గీతగా నిలుస్తుంది. కూర్చోకపోతే ఆ గీత విరుగుతుంది. ఆమె కుడికంటి అద్దంలో గీత విరుగుతుంది. ఆ అద్దం బిగించింది ఆయనే. ఆ సంగతి ఆయనకు ఎన్నటికీ తెలియకూడదన్న ఒక్క కారణానికే ఆమె ఈ బల్ల మీద పడుకొని ఉన్నది.

"కొంచెం పైకి జరగండి. ఆఁ, చాలు. తల ఈ గుంటలో పెట్టండి" అన్నది డాక్టరమ్మ గొంతు. చల్లని చుక్కలు కంటిలో పడ్డాయి, ఒకసారి చురుక్కుమని, ఆ తరువాత కన్ను తనది కానట్టు ఊరుకొన్నది. పైకప్పు ఉండవలసిన చోట తెల్లని మంచు ఉన్నది, దీపాలు దూదిపింజల్లా ఉబ్బి ఒకదానిలోకి ఒకటి ఒరుగుతున్నాయి. ఈ మంచు ఆమెకు కొత్త కాదు. ఐదేళ్ళు వచ్చేవరకు ఇందులోనే పెరిగింది, లోకమంటే ఇదేననుకొన్నది. మనుషులను నడకను బట్టి, దగ్గును బట్టి, చెంగు గాలిలో కదిలే తీరును బట్టి ఆనవాలు పట్టేది, అంత బాగా పట్టేది కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి నాయనమ్మే అన్నది: "ఊరందరికీ కళ్ళు అమ్ముతావు, నీ కూతురు గుమ్మానికి గుద్దుకుంటుంటే మాత్రం దానికి దూకుడెక్కువంటావేంరా?" ఆ సాయంత్రం నాన్నగారు దుకాణంలో ఆమెను ఎత్తైన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, పెట్టెలోనుంచి అద్దాలు ఒక్కొక్కటే తీసి కంటి ముందు పెట్టారు. ఒక అద్దం దగ్గర లోకం టక్కున ఆగింది. వీధికి అవతల ఇద్దరు నిలబడి ఉన్నారు, మాట్లాడుకొంటున్నారు, వాళ్ళ నోళ్ళు కదులుతున్నాయి. అంత దూరం నుంచి నోళ్ళు కనిపిస్తాయని ఆమెకు అంతవరకూ తెలియదు. "వాళ్ళు ఎప్పుడూ అలాగే ఉంటారా నాన్నగారూ?" అని అడిగింది. దుకాణంలో ఎన్నడూ నవ్వని మనిషి పకపక నవ్వి, వెంటనే వెనక్కి తిరిగి, అద్దాలు అరగదీసే సాణ దగ్గర ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఆయన అక్కడ ఏమి వెతికారో ఆమెకు తల్లి అయిన తరువాత గాని అర్థం కాలేదు.

అప్పటినుంచి ఆమె ముఖం మీదికి వచ్చిన ప్రతి జోడూ ఆయనే చేశారు. బళ్ళో పిల్లలు సోడాబుడ్డి అన్నారని ఏడిస్తే ఓదార్చలేదు, ఓదార్పు ఆయనకు చేతకాని విద్య. రాత్రి భోజనం మానేసి అంచులు అరగదీశారు, మర్నాటికి అద్దం సగం పలచబడింది. తడి సాణ మీద గాజు ఒరుసుకొనే ఆ కిరకిర, ఆ బురదనీళ్ళ వాసన, అదే ఆమె బాల్యం. ఆ తరువాత ప్రతి రెండు మూడేళ్ళకు చూపు మరికొంత తగ్గడం, ఆయన మరికొంత నేర్పుగా పలచన చేయడం. ఇద్దరి మధ్య అదొక పోటీలా సాగింది, ఆమె కళ్ళు ఎంత పాడైతే ఆయన చెయ్యి అంత మెరుగుపడింది. ఆమెదే కాదు, ఎవరి జోడు పూర్తయినా అద్దాన్ని పట్టి ఉంచే మర మీద సూదిమొనతో ఎర్రలక్క ఒక చుక్క పెట్టేవారు. అది ఆయన ముద్ర. వేరెవరైనా ఆ మరను తిప్పితే లక్క చిట్లుతుంది, ఎదురుగా నిలబడినవాడి ముఖం మీదనే ఆయన దాన్ని కనిపెడతారు. "ఎవరు విప్పారండీ దీన్ని?" అని అడిగితే, నడివయసు గుమస్తాలు కూడా దొంగతనం బయటపడ్డట్టు నీళ్ళు నమిలేవారు.

"పక్కకు చూడకండమ్మా, నా వేలు చూడండి" అంటున్నది డాక్టరమ్మ. ఇందాక కూర్చోబెట్టినప్పుడు ఆమె కంటి తెల్లగుడ్డు మీద సిరాతో రెండు చుక్కలు పెట్టారు. ఎందుకని అడిగితే డాక్టరమ్మ చెప్పింది: "కూర్చుంటే ఒకలా ఉంటుంది, పడుకుంటే కన్ను గుంటలో కొద్దిగా తిరిగిపోతుంది. మీ నంబరులో కోణం కూడా ఉంది కదా, అది తప్పితే చేసినదంతా వృథా. అందుకే నిటారుగా ఉన్నప్పుడే గుర్తు పెట్టుకుంటాం." నాన్నగారు కూడా చుక్కలే పెడతారు. గుండ్రని అద్దాన్ని ఫ్రేములో ఎలా కూర్చోబెట్టాలో తెలియడానికి దాని మీద మూడు చుక్కలు అడ్డంగా, ఒకే వరసలో పెడతారు. ఆ వరస నేలకు సమంగా నిలిస్తే అద్దం సరిగా కూర్చున్నట్టు. పోయిన వేసవిలో ఆమె పుట్టినరోజుకు కొత్త జోడు చేస్తూ, కుడి అద్దం మీద ఆయన పెట్టిన చుక్కల వరస ఏటవాలుగా పడింది. చెయ్యి వణికిందో, చూపు ఆనలేదో. ఆయనకు తెలియలేదు. బిగించారు, లక్క చుక్క పెట్టారు, పట్టుగుడ్డతో తుడిచి కూతురి ముఖాన పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, "ఎలా ఉంది?" అన్నారు. దుకాణం నేల ఒక పక్కకు ఒరిగింది. తలుపులు, అలమరలు, ఎదురుగా నిలబడిన నాన్నగారు, అందరూ ఎవరో కుడివైపు నుంచి నెట్టినట్టు వాలిపోయారు. "చాలా బాగుందండీ" అన్నది ఆమె.

ఆ ఒక్క మాటతో ఏడాది గడిచింది. ఏడాదంతా తలనొప్పి, ఏడాదంతా వాలిన తలుపులు, మెట్లు దిగేటప్పుడు గోడకు అరచెయ్యి. మర విప్పి, గుండ్రని ఆ అద్దాన్ని కాస్త తిప్పి తానే సరిచేసుకోవడం ఎంతోసేపటి పని కాదు, ఆయనతోపాటు దుకాణం చూసుకొంటున్న ఆమెకూ ఆ విద్య వచ్చు, కాని లక్క చిట్లుతుంది. బయట ఇంకొకటి చేయించుకొంటే అసలు లక్క చుక్కే ఉండదు. చెప్పడమంటారా, ఏమని చెబుతుంది? తన పనిలో దోషం ఎవరైనా చూపిస్తే, తలెత్తకుండా చేతిలోకి తీసుకొని, సరిచేసి, ఎదుటివాడికి కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఒక్క ముక్కయినా వాదించకుండా పంపే మనిషి ఆయన. కాని అలాంటి రోజు రాత్రి అన్నం ముందు కూర్చొని లేచిపోయేవారు. అదీ పరాయివాడి జోడుకు. కూతురి జోడు ఏడాదిపాటు తప్పుగా ఉన్నదని తెలిస్తే ఆ మనిషి ఏమైపోతారో ఊహించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఇంతలో అదృష్టవశాత్తూ ఆయనే సాణ పని మానేశారు. "మోకాళ్ళు నిలవనివ్వడం లేదు, ఇకమీదట పని బయటికి పంపు" అన్నారు. అమ్మయ్య అనుకొన్నది. ఇక మిగిలింది తన ముఖం మీద ఉన్న ఈ ఒక్క జోడు. ఆయనను నొప్పించకుండా దీన్ని దించాలి. కళ్ళజోడు అవసరమే లేకపోతే దించడానికి సంజాయిషీ అక్కర్లేదు.

ఆ మాట ఆయన దగ్గర ఎత్తడానికే వారం రోజులు గొంతు సవరించుకొన్నది. లేజరు సంగతి అడిగిన ఖాతాదారులకు ఆయన చెప్పే సమాధానం దుకాణంలో అందరికీ కంఠతా వచ్చు: "ఆ ఆపరేషను చేసే డాక్టరుగారి ముక్కు మీద ఏముందో చూసి రండి, తరవాత మాట్లాడుకుందాం." అటువంటి మనిషి ఒంటికాలి మీద లేస్తారనుకొన్నది. ఆయన పత్రిక మడిచి పక్కన పెట్టి, "ఆ డాక్టరమ్మకు కళ్ళజోడుందా?" అన్నారు.

"ఉందండీ."

"ఫ్రేము ఎలాంటిది?"

"సన్నటి లోహపుదండీ."

"ముఖం మీద వంకరగా ఉందా, సమంగా ఉందా?"

"సమంగానే ఉందండీ."

"అయితే ఫరవాలేదు. నేనూ వస్తాను." అంతే, మళ్ళీ పత్రిక విప్పారు. ఆ సంగతి విని ఆమె భర్త, "మీ నాన్నగారు ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారా? ఒళ్ళు వెచ్చగా ఉందేమో చూడవోయ్" అన్నాడు. అప్పుడు నవ్వింది. ఇప్పుడు బల్ల మీద పడుకొని ఉంటే అది నవ్వవలసిన విషయంలా తోచడం లేదు. ఎందుకు ఒప్పుకొన్నారు? ఆసుపత్రిలో మొదటి పరీక్ష రోజున, కొలతలు తీసే అమ్మాయి ఆమె కళ్ళజోడు యంత్రం కింద పెట్టి, "ఇదెవరు చేశారు మేడమ్? కళ్ళు మూసుకుని బిగించినట్టున్నాడు" అన్నది. నాన్నగారు ఆ రోజు రాలేదు, అంతవరకు మేలు. "ఎక్కడో, ప్రయాణంలో ఉన్నప్పుడు చేయించానమ్మా" అన్నది తను, తండ్రి చేతిపనిని తండ్రిది కాదని చెప్పిన ఆ మాట నోటినిండా చేదుగా నిలిచింది, ఇప్పటికీ నిలిచే ఉన్నది.

రెప్పల మధ్య ఏదో చల్లని తీగ దూరింది, ఇక మూసుకోవడం తన చేతిలో లేదు. "ఇప్పుడు కాస్త ఒత్తినట్టుంటుంది. చూపు కూడా మసకేస్తుంది, పూర్తిగా పోతుంది. భయపడకండి, మళ్ళీ వస్తుంది" అన్నది డాక్టరమ్మ. ఒత్తిడి పెరిగింది, దూదిపింజలు బూడిదరంగయ్యాయి, బూడిద నలుపయింది, తరువాత నలుపు కూడా లేదు. తెరిచిన కంటిలో ఏమీ లేకపోవడం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో! ఆ శూన్యంలో నాన్నగారు ఒక్కరే స్పష్టంగా కనిపించారు. బయట, నిట్టనిలువు వెదురుకర్రలాంటి ఆ కూర్చోవడం, ఒళ్ళో కళ్ళజోడు, చొక్కాజేబులో అరచేతి పొడవైనా లేని స్క్రూడ్రైవరు. ఇప్పుడు తీసి ఉంటారు. ఇప్పుడు పైకెత్తి ఉంటారు. ఇప్పుడు ఒక కన్ను మూసి, ఆ తలుపు కమ్మీ వంక... "వెలుతురు వచ్చిందా? ఆకుపచ్చ చుక్క కనిపిస్తోందా? దాన్నే చూడండి, ఇంకేమీ ఆలోచించకండి." కనిపించింది, నీళ్ళ అడుగున పడిన పచ్చరాయిలా వణుకుతున్నది. టకటకమని యంత్రం మొదలైంది. కాలిన వెంట్రుక వాసన. తన కన్నే కాలుతున్నదని తెలిసినా ఆమెకు ఆ వాసన కింద మరొకటి వచ్చింది, తడి సాణ వాసన, బురదనీళ్ళు. ఈ టకటక వెనుక ఆ కిరకిర. అక్కడ గాజును చెక్కేవారు, ఇక్కడ గాజు పెట్టవలసిన కన్నునే చెక్కుతున్నారు, అంతే తేడా. ఆయన అరగదీసిందంతా ఒక పూటలో ఎవరో అక్కర్లేకుండా చేసేస్తున్నారు. ఈ ఆలోచన ఆమెను పొడిచింది. దాచడానికే చేస్తున్నాననుకొన్నది, దాచుతూ దాచుతూ ఆయన చేసిన పనినంతా చెరిపేస్తున్నదేమో. పచ్చరాయి పక్కకు జారింది. "కదలకూడదమ్మా." మళ్ళీ పట్టుకొన్నది. "బాగుంది, చాలా బాగుంది, అయిపోవచ్చింది." తడికుంచెతో పొరను తిరిగి పరిచి సవరిస్తున్నారు, గోడకు కాగితం అంటించేవాడు బుడగలు నొక్కినట్టు, ఎంతో ఓపికగా. వెంటనే ఎడమకన్ను. మళ్ళీ తీగ, మళ్ళీ నలుపు, మళ్ళీ పచ్చరాయి, కాని ఈసారి దడ లేదు. బయట జరగవలసింది ఈపాటికి జరిగిపోయి ఉంటుంది. దానిని ఆపడానికి తన చేతిలో ఏమీ లేదు, రెప్ప కూడా లేదు. ఏడాదిగా పిడికిట్లో బిగించిన దేనినో వేళ్ళు వాటంతట అవే వదిలేశాయి.

చీకటిగదిలో, వాలుకుర్చీలో కూర్చోబెట్టారు. కళ్ళమీద చిల్లులున్న ప్లాస్టిక్ డొప్పలు, లోపల ఉల్లిపాయ తరిగినంత మంట, చెంపల మీద ధారగా నీళ్ళు. అడుగుల చప్పుడు వినిపించింది. ఎడమకాలు బరువుగా, కుడికాలు తేలికగా. చూడకుండానే గుర్తుపట్టడం మరిచిపోలేదన్నమాట.

"అమ్మడూ."

"ఆఁ, నాన్నగారూ."

"నొప్పిగా ఉందా?"

"మంటండీ. నొప్పి లేదు."

"కూర్చోబెట్టి గుర్తులు పెట్టారా? పడుకోబెట్టాక పెట్టారా?"

"కూర్చోబెట్టేనండీ."

"సరే. అయితే పని తెలిసినావిడే" అన్నారు. ఎదుటి కుర్చీ కిర్రుమన్నది. ఆ తరువాత ఆమె అరచేతిలో తేలికగా ఏదో పడింది, తన కళ్ళజోడు. వేళ్ళు అలవాటుగా దాని చుట్టూ తిరిగాయి. కాడ, ముక్కుపట్టు, అంచు. అంచు చివర, మర దగ్గర, బొటనవేలు ఆగింది. లక్క చుక్క లేదు. నున్నని లోహం, చీలిక తగులుతున్నది.

"ఎప్పుడు చూశారు?" అన్నది.

"ఇవాళ సరిచేశాను. చూడటం అంటావా, పోయిన వేసవిలోనే. జోడు పెట్టుకున్న మర్నాడు నువ్వు దుకాణం మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నావు. కొత్త అద్దమని రెండు రోజులు ఊరుకున్నాను. వారమయినా గోడ వదల్లేదు. అప్పుడర్థమయింది."

"మరి, ఒక్క మాట అనలేదేమండీ?"

"నువ్వు తెచ్చి ఇవ్వలేదుగా" అన్నారాయన, అదే జవాబయినట్టు. "సరిగా లేదని తెచ్చి ఇచ్చినవాళ్ళకు ఎవరికైనా కాదన్నానా? తేనివాళ్ళ ముఖాన ఉన్నది నేను ఊడబెరుక్కోవడం ఎక్కడి మర్యాద? ఇవాళ తెస్తుంది, రేపు తెస్తుంది అని చూశాను. ముసలాడు నొచ్చుకుంటాడని నువ్వు ఏడాది తలనొప్పి పడ్డావు. నాకు తెలిసిపోయిందంటే కూతురు నొచ్చుకుంటుందని నేను ఏడాది నోరు మూసుకున్నాను. ఇద్దరికిద్దరం ఘనులమే."

"అందుకేనా సాణ మానేశారు? మోకాళ్ళన్నారు?"

"మోకాళ్ళు నొప్పులే. కాని సాణ మోకాళ్ళతో పట్టరు కదా."

నవ్వు వచ్చింది ఆమెకు, ముందు ముక్కులోంచి, తరువాత నోటినిండా. నవ్వితే కళ్ళు మండాయి, మండితే నీళ్ళు వచ్చాయి, ఏవి మందు నీళ్ళో ఏవి తనవో తెలియలేదు. ఏడాదిగా తను భయపడిన ఆ రాత్రి, ఆయన అన్నం ముందునుంచి లేచిపోయే రాత్రి, ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది. ఆయన తిరిగి కూర్చొని తిన్నారు కూడా. విరిగిపోతారనుకొన్న మనిషి విరగకుండా, తన పక్కనే, అంతా తెలిసి, రోజూ దుకాణానికి వస్తూనే ఉన్నారు. "ఏడవకు, పొర జరుగుతుంది" అన్నారాయన, నొచ్చుకొన్నట్టు కాదు, పనివాడు పనివాడికి చెప్పినట్టు. "ఆ కళ్ళజోడు ఇంటికెళ్ళాక లక్క పెట్టి భద్రం చెయ్యి. నువ్వే పెట్టు."

"ఇంక దీంతో పనేముందండీ?"

"పని లేదని తప్పుగా ఉంచుకుంటామా?"

నర్సు వచ్చి, ఇక వెళ్ళవచ్చన్నది, తెర కొంచెం తొలగించింది. డొప్పల చిల్లుల్లోంచి, నీళ్ళలోంచి, పొగమంచు పట్టిన అద్దంలో చూసినట్టు గది లేచి నిలబడింది. గోడ, గోడ మీద గడియారం, గడియారం పక్కన తలుపు. తలుపు నిట్టనిలువుగా ఉన్నది. ఆమె చాలాసేపు దానినే చూసింది, అంత సూటిగా ఏదైనా నిలబడి ఏడాదయింది. ఆ తరువాత తలుపు దగ్గరికి వెళ్ళి నిలుచున్న నాన్నగారిని చూసింది. ఆయన ఒక పక్కకు వాలి ఉన్నారు. ఇంతకాలం ఆ వాలు కూడా అద్దానిదేననుకొన్నది. కాదు, కుడిమోకాలి మీద బరువు ఆనించలేక, ఎడమవైపుకు, ఆయనే.

"చెయ్యి పట్టుకో, మెట్లున్నాయి" అన్నారాయన.

"మెట్లు కనిపిస్తున్నాయి నాన్నగారూ. మీరే పట్టుకోండి."

ఆయన ఆ చేతివంక చూశారు. కాదనబోయి, ఎందుకో మానుకొని, పట్టుకొన్నారు. గుమ్మం దాటుతూ ఒక్క క్షణం ఆగి, రెండో చేత్తో తలుపు కమ్మీని పైనుంచి కింది దాకా తడిమి, "ఇందాకంతా దీన్నే చూస్తూ కూర్చున్నాను" అన్నారు. "ఎవడోగాని, బాగా నిలబెట్టాడు."